ఒక్కో ప్రయాణానికి 36 ఫొటోలు

గత డిసెంబరులో మేము ఇంటిల్లిపాదీ పాలంపేట వెళ్లి, రామప్ప గుడి చూసి హైదరాబాద్ తిరిగివచ్చిన రాత్రే నల్లగొండ నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె మాతో రాలేకపోయింది. గుడి మొత్తం ఫొటోల్లో చూపిస్తానని మాటిచ్చి బయలుదేరాను. అందుకని ఆ రాత్రే ఫోన్‌లో చేతికందిన 80 ఫొటోలు ఏరి కుటుంబ గ్రూపులో పంపించాను. తెల్లవారి మళ్లీ ఫోన్ వచ్చింది. “చూరు కింద బొమ్మ కాలికి ఎత్తు మడమల చెప్పులున్నయంటివి గదా బిడ్డా, ఎంత పెద్దగ చేసి చూసినా అంతా నల్లగనే ఉన్నది” అన్నది.

ఆమె చెప్పింది నిజమే. రామప్ప గుడి కట్టడం ఎక్కువగా ఎర్రని ఇసుకరాయిది కాగా, చూరును మోస్తున్నట్టు ఏటవాలుగా నిలిచిన మదనికల, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీల, శిల్పాలు నల్లరాతివి. నల్లరాయి మీద వెలుగు, నీడల మధ్య తేడా చాలా తక్కువగా ఉంటుంది. మెసేజీల యాప్‌లు మామూలుగా ఫొటోను పంపే ముందు దాని కొలతలు తగ్గించి, బాగా కుదిస్తాయి. ఆ కుదింపులో మొదట పోయేవి ఇటువంటి సున్నితమైన తేడాలే. నా దగ్గరున్న అసలు ఫొటోలో పాదం, మడమ కింది ఎత్తు, కాలి కడియం విడివిడిగా కనిపిస్తుండగా, పెద్దమ్మ ఫోన్‌కు చేరిన ఫొటోలో అవన్నీ కలిసిపోయి ఒక నల్లని మరకగా మిగిలాయి. 1213 నాటి శాసనం ఉన్న ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కడానికి కారణమైన పనితనాన్ని ఆమెకు మరకగా చూపించడం నాకు చాలా బాధ కలిగించింది. సొంత వెబ్‌సైటులో ప్రయాణాల ఫొటోలను సవ్యంగా పెట్టుకునే పద్ధతిని ఈసారి తేల్చుకునే తీరాలని ఆ ఉదయమే నిర్ణయించుకున్నాను.

నా పేరుతో ఒక చిన్న వెబ్‌సైటు చాలా ఏళ్లుగా ఉంది. అందులో ఫొటోలు పెట్టడానికి గతంలో చేసిన ప్రయత్నాలు మూడు. మొదటిసారి హంపి ఫొటోలను కెమెరాలో ఉన్నవి ఉన్నట్టుగా ఒకే పేజీలో పేర్చాను. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే సుమారు 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు. ఒక్కొక్కటి నాలుగైదు మెగాబైట్ల బరువు. అటువంటివి 60 పెట్టేసరికి ఆ ఒక్క పేజీ 250 మెగాబైట్లు దాటింది. నల్లకుంటలోని మా ఇంటి బ్రాడ్‌బ్యాండులో బాగానే తెరుచుకున్న పేజీ, ఊళ్లో మొబైల్ డేటా మీద మొదటి ఫొటో సగంలోనే ఆగిపోయేది. రెండోసారి ఒక ఉచిత ఆల్బం సేవలో ఫొటోలు పెట్టి, అక్కడి నుంచి నా పేజీలోకి తెచ్చుకున్నాను. కొంతకాలం ఏ ఇబ్బందీ రాలేదు కానీ, ఆ సేవ తన నిబంధనలు మార్చుకున్న రోజున నా పేజీల్లో ఫొటోల స్థానంలో బూడిదరంగు పెట్టెలు మిగిలాయి. ఫొటోల కింద నేను రాసుకున్న వ్యాఖ్యలు కూడా ఆ సేవలోనే ఉండిపోవడంతో అవీ పోయాయి. ఫొటోలకు నా దగ్గర నకళ్లున్నాయి, ఆ మాటలకు లేవు.

మూడో ప్రయత్నం, వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే ప్రోగ్రాములో గ్యాలరీ ప్లగిన్, అంటే ఫొటోల ఆల్బంల కోసం దానికి తగిలించే అదనపు ముక్క. ఫొటో ఎక్కించగానే వర్డ్‌ప్రెస్ దానికి రకరకాల కొలతల్లో నకళ్లు తయారుచేస్తుంది. 150, 300, 768, 1024, 1536, 2048 పిక్సెళ్ల కొలతలు దాని సొంతవి కాగా, పేజీ రూపాన్ని నిర్ణయించే థీమూ, ప్లగినూ తమ కొలతలు మరికొన్ని కలుపుతాయి. చదివేవారి తెరకు తగిన ఫైలును బ్రౌజరు ఎంచుకోగలిగేలా చేసే ఏర్పాటు కాబట్టి ఇది మంచిదే. అయితే ఒక్కో ఫొటోకు ఏడెనిమిది ఫైళ్లు చొప్పున లెక్కవేస్తే వెయ్యి ఫొటోలకు ఏడెనిమిది వేల ఫైళ్లవుతాయి. వెబ్‌సైటును ఉంచడానికి నేను తీసుకున్న హోస్టింగు ప్యాకేజీలో స్థలానికే కాక ఫైళ్ల సంఖ్యకూ పరిమితి ఉందని అది నిండిన తరువాతే తెలిసింది. అంతలో ఆ ప్లగిన్‌ను తయారుచేసినవారు దాన్ని పట్టించుకోవడం మానేశారు. ఒకనాడు వర్డ్‌ప్రెస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చగానే, ఆల్బంలు ఉండవలసిన చోట చదరపు బ్రాకెట్ల మధ్య కోడు ముక్కలు మాత్రమే కనిపించాయి. ఇన్నేళ్ల తరువాత ఎక్కడి గొంగళి అక్కడే ఉంది.

రామప్ప తరువాత నాకు దారి చూపింది మా నాన్నగారి పాత ఆల్బం. నల్లని అట్ట పేజీలు, మధ్య మధ్య పల్చని బటర్ పేపరు, మూలలకు అంటించిన చిన్న కాగితపు మడతల్లో నిలిపిన ఫొటోలు. ఎత్తిపోతల జలపాతం దగ్గర తీసిన ఒక ఫొటోను మెల్లగా బయటికి తీసి చూస్తే, వెనుక నీలి సిరాతో “ఎత్తిపోతల, 1988 జనవరి. చిన్నాన్న పెళ్లయిన నెలకు. నీళ్లు తక్కువ, జనం ఎక్కువ” అని నాన్నగారి చేతిరాత ఉంది. ఆ ఫొటోలో మనుషుల ముఖాలు చిన్నవి, జలపాతం సగం తెల్లబారిపోయింది, అయినా ఆ ఒక్క వాక్యంతో ఆ రోజంతా కళ్లముందుకు వచ్చింది. ఆనాటి ఫిల్ము రోలుకు 36 ఫొటోలే. ఆ ప్రయాణం మొత్తానికి నాన్నగారికి ఉన్నవి అన్నే. నేను పాలంపేట నుంచి తెచ్చినవి, ఫోనూ కెమెరా కలిపి, 1,140. నా ఇబ్బందికి మూలం సర్వరులోనో ప్లగిన్‌లోనో కాక, ఈ సంఖ్యలో ఉందని అప్పుడు అర్థమైంది. వెబ్‌సైటులో ఒక్కో ప్రయాణానికి ఒకే పేజీ, ఒక్కో పేజీకి 36 ఫొటోలు, ప్రతి ఫొటో కింద కనీసం ఒక పూర్తి వాక్యం అని నియమం పెట్టుకున్నాను.

ఏరడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మసకబారినవీ ఒకేలా ఉన్నవీ తీసేస్తే మొదటి సాయంత్రానికి దాదాపు 400 మిగిలాయి. ఇక్కడి నుంచే కష్టం మొదలైంది, ఎందుకంటే మిగిలినవన్నీ బాగున్నవే. ఈ ఫొటో చూస్తే పెద్దమ్మ నన్ను ఏమడుగుతుంది అని ఒక్కొక్కదాని ముందు ఆగి ఆలోచించడం మొదలుపెట్టాక పని తేలికయింది. మంటపంలోని స్తంభాల మీద సూదిమొన మాత్రమే పట్టేంత సన్నని రంధ్రాలు తొలిచి ఉన్నాయి. వాటిని దగ్గరగా తీసిన ఫొటోలు నా దగ్గర పదకొండు ఉండగా, రాయిని తాకకుండా పక్కన మా అమ్మాయి చూపుడువేలు పెట్టిన ఒక్కదాన్నే ఉంచాను. ఆ వేలు లేకపోతే రంధ్రం ఎంత సన్ననిదో చూసేవారికి తెలిసే దారి లేదు. గుడి మొత్తం కనిపించే అందమైన ఫొటోలు ఇరవైకి పైగా ఉన్నా అవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఒకటే తీసుకున్నాను. పక్కన ఉన్న రామప్ప చెరువు గట్టు మీద మేము సద్ది మూట విప్పి తిన్న ఫొటోలో వెలుగు సరిగా లేకపోయినా పెట్టాను, ఎందుకంటే ఆ పులిహోర కలిపి పంపింది పెద్దమ్మే.

వరుస కుదర్చడంలో ఒక చిక్కు ఎదురయింది. ఫొటో తీసిన తేదీ, సమయం, కెమెరా వివరాలు ఎగ్జిఫ్ అనే సమాచారంగా ఫైలులోనే దాగి ఉంటాయి, ఆ సమయం ప్రకారం ఫొటోలను పేర్చవచ్చు. అలా పేర్చగానే చెరువు దగ్గర భోజనం చేసిన ఫొటోలు గుడిలోకి వెళ్లకముందే వచ్చి కూర్చున్నాయి. ఫోను తన గడియారాన్ని నెట్‌వర్కు నుంచి సరిచేసుకుంటుంది, కెమెరా గడియారాన్ని మాత్రం మనమే చూసుకోవాలి. నాది 47 నిమిషాలు వెనుకబడి ఉంది. అదృష్టవశాత్తు ములుగులో టీ తాగుతున్నప్పుడు మా ఆవిడ ఫోను పట్టుకుని నిలబడ్డ ఫొటో కెమెరాలో ఉండడం, ఆ ఫోను తెర మీద సమయం కనిపించడం వల్ల తేడాను ఖచ్చితంగా లెక్కగట్టగలిగాను. ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో కెమెరా ఫొటోలన్నిటి సమయాన్నీ ఒకే కమాండుతో 47 నిమిషాలు ముందుకు జరిపాను. ఇప్పుడు ఏ ప్రయాణం మొదలుపెట్టినా కెమెరాతో తీసే మొదటి ఫొటో ఫోను తెర మీది గడియారానిదే.

తరువాతి పని కొలతలు తగ్గించడం. ఇందుకు ఇమేజ్‌మ్యాజిక్ అనే మరో ఉచిత ప్రోగ్రామును వాడి, ప్రతి ఫొటోకు రెండు నకళ్లు మాత్రమే చేశాను. పేజీలో కనిపించే చిన్న నకలు పొడవైన వైపు 640 పిక్సెళ్లు, నొక్కితే తెరుచుకునే పెద్ద నకలు 2000 పిక్సెళ్లు. ఫొటోలకు మామూలుగా వాడే జేపెగ్ ఫార్మాటులో నాణ్యతను 100కు 82 దగ్గర పెట్టాను. 70కి దించి చూస్తే మదనిక పాదం దగ్గర నల్లరాయి మళ్లీ గడులు గడులుగా విరిగింది, 90కి పెంచితే బరువు బాగా పెరిగింది తప్ప నా కంటికి తేడా కనిపించలేదు. ఒకే నాణ్యతలో కూడా ఫైళ్ల బరువు ఒకేలా ఉండదు. చెరువు, ఆకాశం ఉన్న ఫొటో 300 కిలోబైట్లలో సరిపోతే, అంగుళం ఖాళీ లేకుండా చెక్కిన స్తంభం ఫొటో 900 దాకా వెళ్లింది. జేపెగ్ చిత్రాన్ని 8 పిక్సెళ్ల పొడవూ వెడల్పూ ఉన్న చిన్న గడులుగా విడదీసి, ఒక్కో గడిలోని సూక్ష్మమైన హెచ్చుతగ్గులను తగ్గించి దాస్తుంది కాబట్టి, మార్పులేని ఆకాశానికి తక్కువ చోటు, శిల్పానికి ఎక్కువ చోటు కావడం సహజమే. వెబ్‌పీ, ఏవిఫ్ వంటి కొత్త ఫార్మాట్లు ఇంకా తేలికైన ఫైళ్లనిస్తాయి. అయినా పెద్దమ్మ ఫోను పాతది, ఆమె దాచుకున్న ఫొటోను వీధి చివర స్టూడియోలో ప్రింటు తీయించుకోవాలనుకుంటుంది, అక్కడ జేపెగ్ గురించి ఎవరికీ వివరించనక్కరలేదు. మా అబ్బాయి ఐఫోనులో తీసినవి హెయిక్ ఫైళ్లుగా వచ్చాయి. చాలా బ్రౌజర్లు వాటిని చూపించలేవు కాబట్టి అవీ జేపెగ్‌లోకే మార్చాను.

ఈ దశలో నేను చేసిన ఒక పొరపాటును కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదే దారిలో వచ్చే ఎవరికైనా ఇది ఎదురుకావచ్చు. ఎగ్జిఫ్ సమాచారంలో ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. వాటిలో దశాంశ బిందువు తరువాతి ఐదో అంకె నేల మీద సుమారు ఒక మీటరుకు సమానం. రామప్ప గుడి ఎక్కడుందో అందరికీ తెలుసు. కానీ బయలుదేరే ముందు మా ఇంటి గేటు దగ్గర పిల్లలను నిలబెట్టి తీసిన ఫొటో కూడా ఆ పేజీలో ఉంది. అందుకని ఫైళ్లలోని అదనపు సమాచారాన్నంతా ఒక్క దెబ్బకు తొలగించాను. తీరా చూస్తే నిలువు ఫొటోలన్నీ పక్కకు పడుకున్నాయి, రంగులు వెలిసిపోయినట్టయ్యాయి. ఫోనును నిలువుగా పట్టుకుని తీసినప్పుడు చాలాసార్లు చిత్రం అడ్డంగానే భద్రమై, దాన్ని ఎటు తిప్పి చూపాలో చెప్పే గుర్తు ఆ ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది; గుర్తు పోతే తిప్పేవారు లేరు. అలాగే ఫైలులోని రంగులను ఎలా చూపాలో చెప్పే రంగుల ప్రొఫైలు కూడా ఈ సమాచారంతో పాటే పోయింది. ఈమధ్య ఫోన్లు కొన్ని, వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీ కంటే విస్తారమైన రంగుల పరిధిలో ఫొటోలు తీస్తాయి. ప్రొఫైలు లేని ఫైలును బ్రౌజరు ఎస్‌ఆర్‌జీబీ అనే అనుకుని చూపడంతో పాలంపేట ఎర్రరాయి తన ఎరుపును కోల్పోయింది. మొదట ఫొటోను సరైన దిశకు తిప్పి, తరువాత రంగులను ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, చిట్టచివర సమాచారాన్ని తొలగించాలి. ఈ వరుస తప్పకుండా ఒక చిన్న స్క్రిప్టులో రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఫోల్డరు పేరు ఇస్తే చాలు, మూడు పనులూ అదే చేస్తుంది.

ఫైళ్ల పేర్ల విషయంలో మాత్రం తెలుగు మీది ప్రేమను కాస్త పక్కన పెట్టవలసి వచ్చింది. మొదట ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టాను. కంప్యూటర్లు అక్షరాలను దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో, తెలుగు లిపిలోని ఒక్కో సంకేతం (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా) మూడు బైట్లు తీసుకుంటుంది. లింకును కాపీ చేసినప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిసి మూడు అక్షరాలుగా మారుతుంది. అంటే “రామప్ప” అనే మాటలోని ఆరు సంకేతాలు లింకులో 54 అక్షరాలయ్యాయి. మెసేజీలో అతికించిన ఆ లింకు నాలుగు వరుసలు పాకడంతో, అదేదో మోసపు లింకనుకుని మా బావగారు తెరవకుండానే తీసేశారు. అందువల్ల ఫైళ్లకూ ఫోల్డర్లకూ ఇంగ్లిషు అక్షరాల్లో చిన్న పేర్లు పెట్టి, తెలుగంతా పేజీలో, ఫొటోల కింద రాతలో ఉంచాను. అసలు తెలుగు ఉండవలసింది అక్కడే.

పేజీ తయారీకి ఏ ప్లగినూ డేటాబేసూ వాడలేదు. ఫొటో పేరు, దాని కింద రాయవలసిన మాటలు ఒక మామూలు టెక్స్టు ఫైలులో వరుసగా రాసుకుంటాను. హ్యూగో అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని చదివి పూర్తయిన పేజీని తయారుచేస్తుంది, ఆ పేజీని సర్వరులోకి ఎక్కిస్తాను. రేపు హ్యూగో లేకపోయినా తయారైన పేజీలు అలాగే ఉంటాయి, నా మాటలు ఆ టెక్స్టు ఫైలులో భద్రంగా ఉంటాయి. పాత ఆల్బం సేవతో పోయిన వ్యాఖ్యల బాధ మళ్లీ రాకుండా ఈ ఏర్పాటు చేసుకున్నాను. పేజీలో ప్రతి ఫొటో వెడల్పు, ఎత్తు ముందే రాసి ఉంచడం వల్ల ఫొటోలు ఒక్కొక్కటి దిగుతున్నప్పుడు చదువుతున్న వాక్యం కిందికి జారిపోదు. కిందకు జరిపినప్పుడే తరువాతి ఫొటోలు దిగేలా లేజీ లోడింగ్ కూడా పెట్టాను, అది కేవలం ఒక్క మాట చేర్చడంతో అయిపోయే పని. చిన్న నకళ్లు 36 కలిపి మూడు మెగాబైట్ల లోపు, పెద్దవన్నీ కలిపి 25 దాకా. ఈ లెక్కన ఒక గిగాబైటు స్థలంలో ముప్పైకి పైగా ప్రయాణాలు పడతాయి. అసలు ఫొటోలు వెబ్‌సైటులో లేవు. అవి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్న రెండు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి, అందులో ఒకటి మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది.

పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్న ఫొటోలు ఆరు ఉన్నాయి. వాటిని వేరే పేజీలో పెట్టి, దానికి పాస్‌వర్డు పెట్టాను. లింకు తెలిసినవారికే తెలిసేలా ఉంచితే చాలదా అని మొదట అనుకున్నాను కానీ, లింకు చేతులు మారడానికి ఎంతోసేపు పట్టదు. గుడి దగ్గర పూలమ్మే అవ్వ ఫొటో చాలా బాగా వచ్చింది. అది అందరికీ కనిపించే చోట పెడతానని ఆ రోజు ఆమెను అడగలేదు కాబట్టి పెట్టలేదు.

సంక్రాంతికి రెండు రోజుల ముందు లింకు పెద్దమ్మకు పంపించాను. గంటన్నర తరువాత ఫోన్ చేసింది. “ఇప్పుడు అవుపడ్డది బిడ్డా చెప్పు. మడమ కిందికి ఇంత ఎత్తున్నది. ఆ కాలంల గవ్విటితోని ఎట్ల నడిచేటోళ్లో” అన్నది. తరువాత ఒక్కో ఫొటో కింద రాసిన మాటలను తనే బయటికి చదువుతూ, మధ్యలో ఆగి ప్రశ్నలడుగుతూ పోయింది. చెరువుగట్టు ఫొటో దగ్గర మాత్రం కొంచెంసేపు మాట్లాడలేదు; పులిహోరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. రాతిలో ఏ దేవత ఎవరో నేను పొరబడ్డ చోట రెండు దిద్దుబాట్లు కూడా చెప్పింది, టెక్స్టు ఫైలులో రెండు వాక్యాలు మార్చి పది నిమిషాల్లో పేజీని మళ్లీ ఎక్కించాను.

ఇప్పుడు నాన్నగారి ఆల్బం పని మొదలుపెట్టాను. ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తున్నాను, ప్రతి ఫొటోకు వెనుకవైపును కూడా. ఎత్తిపోతల పేజీలో చిన్న నకలు మీద నొక్కితే మొదట జలపాతం, దాని పక్కనే నీలి సిరాలో ఆయన రాసిన ఆ వాక్యం కనిపించేలా పెట్టాను. ఆ ఫొటో కింద నేను వేరే ఏమీ రాయలేదు.